క్షతగాత్రుల సేవలో వీరమాత ఉమ్మె అమ్మారా (రజి)

మదీనా పట్టణానికి ఉత్తరంగా సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో ఉహుద్ కొండ ఉంది. హిజ్రీ 3వ సంవత్సరం షవ్వాల్ మాసంలో, అంటే క్రీ.శ. 625 మార్చిలో, ఒక శనివారం నాడు ఆ కొండ పాదాన మక్కా ఖురైషులకూ ముస్లిములకూ మధ్య సంగ్రామం జరిగింది. ఆ ఉదయం మదీనా నుంచి బయలుదేరినవారిలో ఒక అన్సారీ మహిళ ఉన్నారు. భుజాన నీళ్లు నింపిన పాత తోలుతిత్తి, నడుముకు కట్టుకున్న గుడ్డ పట్టీలు. గాయపడినవారికి నీళ్లు తాగించాలి, గాయాలకు కట్లు కట్టాలి. ఆమె వచ్చింది ఆ పని మీదే.

ఆమె అసలు పేరు నుసైబా బిన్తె కఅబ్. ఉమ్మె అమ్మారా అన్న పేరుతోనే ముస్లిం ఇళ్లలో అందరికీ తెలుసు. ఖజ్రజ్ తెగలోని బనూ నజ్జార్ వంశానికి చెందినవారు. దైవప్రవక్త (స) తాతగారైన అబ్దుల్ ముత్తలిబ్‌కు మేనమామల వంశం అదే. ఆమె సోదరుడు అబ్దుల్లా బిన్ కఅబ్ (రజి) బద్ర్ సంగ్రామంలో పాల్గొన్నారు. మొదటి భర్త జైద్ బిన్ ఆసిమ్ (రజి) ద్వారా ఆమెకు హబీబ్, అబ్దుల్లా అనే ఇద్దరు కుమారులు. తరువాత గజియ్యా బిన్ అమ్ర్ (రజి)తో వివాహం జరిగింది. ఉహుద్‌కు భర్తా ఇద్దరు కొడుకులూ కూడా ఆమెతోపాటే వచ్చారు. అంటే ఆ ఇంట్లో యుద్ధానికి రాకుండా మిగిలిపోయిన పెద్దవాళ్లు దాదాపు ఎవరూ లేరు.

అంతకు దాదాపు మూడేళ్ల ముందు, క్రీ.శ. 622లో, మక్కా శివార్లలోని అఖబా లోయలో అర్ధరాత్రి వేళ మదీనావాసులు రహస్యంగా దైవప్రవక్త (స) వారిని కలిసి బైఅత్ చేశారు. ప్రవక్త (స) తమ ఊరికి వస్తే, తమ భార్యాబిడ్డలను కాపాడుకున్నట్టే వారిని కాపాడతామని మాట ఇచ్చారు. ఆ రాత్రి అక్కడ ఉన్న పురుషులు డెబ్బై ముగ్గురు, స్త్రీలు ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకరు ఉమ్మె అమ్మారా (రజి). పురుషులు చేతిలో చెయ్యి వేసి ప్రమాణం చేశారు. స్త్రీల చేతిని ప్రవక్త (స) తాకేవారు కాదు కనుక వారి ప్రమాణం మాట ద్వారానే జరిగింది. షరతులు మాత్రం అందరికీ ఒకటే. ఈ విషయం గుర్తుంచుకుంటేనే ఉహుద్‌లో ఆమె నడవడి మనకు అర్థమవుతుంది.

ఖురైషుల సైన్యం మూడు వేలు. వారిలో ఏడు వందల మందికి కవచాలున్నాయి, రెండు వందల గుర్రాలున్నాయి. ముస్లిములు వెయ్యిమందితో బయలుదేరగా, దారిలో కపట విశ్వాసి అబ్దుల్లా బిన్ ఉబై మూడు వందల మందిని వెంటబెట్టుకొని వెనుదిరిగాడు. మిగిలినవారు ఏడు వందలు. వెనుక నుంచి గుర్రపు దళం రాకుండా ఒక చిన్న గుట్ట మీద అబ్దుల్లా బిన్ జుబైర్ (రజి) నాయకత్వాన యాభై మంది విలుకాండ్రను ప్రవక్త (స) నిలబెట్టారు. గెలిచినా ఓడినా, కబురు పంపేదాకా అక్కడి నుంచి కదలవద్దని గట్టిగా ఆదేశించారు.

మొదటి ఘడియల్లో విజయం ముస్లిములదే. ఉమ్మె అమ్మారా (రజి) తోలుతిత్తితో తిరుగుతూ దప్పిగొన్నవారికి నీళ్లు పోస్తున్నారు. నెత్తురు పోయినవాడికి మొదట పుట్టేది దాహమే. మార్చి నెల అయినా అక్కడి ఎండ ఎండే. హజ్రత్ ఆయిషా (రజి), ఉమ్మె సులైమ్ (రజి) కూడా ఆ రోజు వీపున తోలుతిత్తులు మోసుకొని పరుగుపరుగున వచ్చి క్షతగాత్రుల నోట్లో నీళ్లు పోసి, తిత్తులు ఖాళీ కాగానే వెళ్లి నింపుకొని వచ్చేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. హమ్నా బిన్తె జహష్ (రజి) కూడా గాయపడినవారికి సేవ చేసినవారిలో ఉన్నారు.

ఆ తరువాత జరిగింది అందరికీ తెలిసిందే. శత్రువులు పారిపోతున్నారని చూసి విలుకాండ్రలో ఎక్కువమంది గుట్ట దిగి యుద్ధప్రాప్తి సొమ్ము వైపు పరుగెత్తారు. నాయకుడు వద్దని వారించినా వినలేదు. అప్పటికి ఇంకా ఇస్లాం స్వీకరించని ఖాలిద్ బిన్ వలీద్ ఆ ఖాళీ కనిపెట్టి గుర్రపు దళంతో వెనుక నుంచి విరుచుకుపడ్డాడు. పారిపోతున్న ఖురైషులు కూడా వెనుదిరిగారు. ముస్లిములు మధ్యలో చిక్కుకుపోయారు. ఎవరు తనవాడో ఎవరు పరాయివాడో తెలియని గందరగోళంలో స్వపక్షం కత్తికే స్వపక్షంవారు బలయ్యారు. ప్రవక్త (స) వారే లేరన్న పుకారు పుట్టేసరికి ఎంతోమంది కాళ్ల కింద నేల కదిలిపోయింది.

అలాంటి సమయంలో నీళ్లు మోసే ఆడవారికి ఎవరూ మినహాయింపు ఇవ్వలేదు. దైవప్రవక్త (స) వారిని పసితనంలో ఎత్తుకు పెంచిన ఉమ్మె ఐమన్ (రజి) ఆ రోజు క్షతగాత్రులకు నీళ్లు తాగిస్తుండగా ఖురైష్ విలుకాడొకడు ఆమె మీదికి బాణం వదిలి, ఆమె కింద పడితే నవ్వాడు. తోలుతిత్తి పట్టుకున్న చేయి ఎంత ప్రమాదంలో ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఉమ్మె అమ్మారా (రజి) వెనక్కి, అంటే మదీనా వైపు, వెళ్లిపోవచ్చు. ఆ క్షణంలో ఎందరో మగవారు అదే చేశారు. ఆమె తోలుతిత్తి పక్కన పడేసి ప్రవక్త (స) ఉన్న దిక్కుకు వెళ్లారు. అప్పుడు వారి చుట్టూ నిలిచినవారు పదిమందికి మించి లేరని ఆమే తరువాత చెప్పుకున్నారు. ఆ పదిమందిలో ఆమె భర్తా ఇద్దరు కొడుకులూ ఉన్నారు. ఆమె చేతిలో కత్తి ఉంది గాని డాలు లేదు. డాలు పట్టుకొని వెనక్కి పోతున్న ఒక మనిషిని చూసి ప్రవక్త (స), పోరాడుతున్నవారి కోసం దాన్ని అక్కడ వదిలి వెళ్లమన్నారు. అతడు విసిరేసిన డాలును ఆమె అందుకున్నారు. గుర్రపు రౌతు ఒకడు వచ్చి కత్తితో కొడితే ఆ దెబ్బ డాలు మీద పడింది. అతడు మరలుతుండగా ఆమె గుర్రం వెనుక కాలి నరం తెగవేశారు. గుర్రం కూలింది, రౌతు కింద పడ్డాడు. తల్లికి సాయం వెళ్లమని ప్రవక్త (స) ఆమె కొడుకును కేకవేశారు. తల్లీకొడుకులు కలిసి ఆ రౌతును హతమార్చారు. గుర్రాలే తమను దెబ్బతీశాయని, శత్రువులు కూడా తమలాగే కాలినడకన ఉండి ఉంటే కథ వేరుగా ఉండేదని ఆమె తరువాతి కాలంలో అనేవారట. చూసిన మనిషి చెప్పిన మాట అది.

ఆ పోరులోనే కుమారుడు అబ్దుల్లా (రజి) ఎడమ చేతికి పెద్ద గాయమైంది. కొట్టినవాడు తాటిచెట్టంత పొడగరి. కొట్టి, ఆగకుండా సాగిపోయాడు. రక్తం ధారగా కారుతోంది, ఆగడం లేదు. గాయానికి కట్టు కట్టుకోమని ప్రవక్త (స) అతనికి చెప్పారు. అంతలో తల్లి వచ్చారు. ఆమె నడుముకు ఉన్న పట్టీలు గాయాల కోసమే సిద్ధం చేసి తెచ్చుకున్నవి. వాటిలో ఒకటి విప్పి కొడుకు చేతికి గట్టిగా కట్టారు. చుట్టూ కత్తులు ఆడుతున్నాయి. ప్రవక్త (స) నిలబడి చూస్తున్నారు. కట్టు పూర్తికాగానే ఆమె కొడుకును ఒళ్లోకి తీసుకొని ఏడవలేదు; లేచి వెళ్లి పోరాడమని పంపేశారు. ఆ తల్లికి ఉన్న ఓర్పు ఇంకెవరికి ఉంటుందని ప్రవక్త (స) ఆశ్చర్యపోయారు. అబ్దుల్లాను కొట్టినవాడు మళ్లీ అటుగా వస్తే వాడే వీడని ప్రవక్త (స) చూపించారు. ఆమె ఎదురు వెళ్లి వాడి పిక్క మీద కొట్టగా మోకాళ్ల మీద కూలబడ్డాడు. అది చూసి ప్రవక్త (స) పలువరుస కనిపించేలా నవ్వారు.

ఇక్కడ ఆ పట్టీల గురించి ఒక మాట. నేటి సైన్యాల్లో వైద్య సహాయకులకు ముందుగా నేర్పే పాఠం రక్తాన్ని ఆపడం. డేరాలో ఎన్ని మందులున్నా, గాయపడినవాడు నేల మీద పడి ఉన్న చోట చేతికి అందే కట్టుగుడ్డ లేకపోతే వాటితో ఏం లాభం? అందుకే కట్టుగుడ్డను పొట్లంగా చుట్టి సైనికుడి ఒంటి మీదే ఉంచే పద్ధతి పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఐరోపా సైన్యాల్లో మొదలైంది. ఉమ్మె అమ్మారా (రజి) పట్టీలు మూటలో కాక నడుముకు ఉండబట్టే ఆ క్షణంలో పనికొచ్చాయి. మక్తబ్‌లో ఈ ఘట్టం చెప్పినప్పుడు పిల్లలు ఆమె కత్తి ఎంత పొడుగని అడుగుతారు. పట్టీల మాట అడిగిన పిల్లవాడు నాకు ఇంతవరకూ తగల్లేదు. పిల్లల్ని ఏమని లాభం? బయాన్లలో పెద్దలు చెప్పేది కూడా కత్తి సంగతే.

ఇబ్నె ఖమిఆ అనే ఖురైష్ యోధుడు ప్రవక్త (స) కోసం వెతుకుతూ వచ్చాడు. ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి), ఉమ్మె అమ్మారా (రజి), మరికొందరు అడ్డు నిలిచారు. వాడు ఆమె భుజం మీద కత్తితో బలంగా కొట్టాడు. ఆమె కూడా వాడిని ఎన్నోసార్లు కొట్టారు గాని వాడు ఒకదాని మీద ఒకటి రెండు కవచాలు తొడిగి ఉన్నందున దెబ్బ లోపలికి దిగలేదు. ముస్అబ్ (రజి) ఆ రోజే వాడి చేతిలో షహీద్ అయ్యారు. ప్రవక్త (స) మరణించారన్న పుకారు పుట్టింది కూడా వాడు ముస్అబ్ (రజి)ను చంపి, చంపింది ప్రవక్తనే అనుకోవడం వల్లనే. ప్రవక్త (స) ముఖానికి గాయమై, శిరస్త్రాణపు ఇనుప కొంకులు చెంపలో గుచ్చుకుపోయాయి; ఒక పన్ను విరిగింది.

ఆమె భుజాన నెత్తురు చూసి ప్రవక్త (స) అబ్దుల్లాకు తల్లి గాయం కట్టమని చెప్పారు. కాసేపటి క్రితం తల్లి చేతి కట్టు కట్టించుకున్న కొడుకు ఇప్పుడు తల్లి భుజానికి కట్టు కట్టాడు. ఆ కుటుంబమంతటి మీదా అల్లాహ్ కారుణ్యం కురవాలని ప్రవక్త (స) దీవించారు. స్వర్గంలో కూడా మీతోనే ఉండేలా దుఆ చేయమని ఆమె కోరారు; వారు చేశారు. ఆ తరువాత ఈ లోకంలో తనకు ఏం జరిగినా లెక్కలేదని ఆమె అన్నారు. ఆ రోజు కుడివైపు చూసినా ఎడమవైపు చూసినా తనను కాపాడుతూ ఉమ్మె అమ్మారాయే కనిపించారని ప్రవక్త (స) చెప్పినట్టు హజ్రత్ ఉమర్ (రజి) ద్వారా ఉల్లేఖించబడింది.

యుద్ధం ఆగేసరికి దాదాపు డెబ్బై మంది ముస్లిములు అమరులయ్యారు. ప్రవక్త (స) ముఖం మీది రక్తాన్ని కుమార్తె ఫాతిమా (రజి) కడుగుతుంటే, హజ్రత్ అలీ (రజి) డాలుతో నీళ్లు తెచ్చి పోశారు. నీళ్లు పోసిన కొద్దీ రక్తం ఎక్కువవుతుందని గ్రహించి ఫాతిమా (రజి) ఒక చాప ముక్కను కాల్చి ఆ బూడిదను గాయానికి అద్దారు. అప్పుడు రక్తం నిలిచింది. హదీసు గ్రంథాలు ఇంత వివరంగా భద్రపరిచిన ఈ సేవ కూడా ఉహుద్ చరిత్రలో భాగమే కదా!

ఉమ్మె అమ్మారా (రజి) ఒంటి మీద ఆ రోజు తగిలిన గాయాలు పన్నెండు. మర్నాడే ఖురైష్ సైన్యాన్ని వెంబడించి హమ్రావుల్ అసద్ దాకా వెళ్లాలని ప్రకటన వెలువడింది. ఆమె బట్టలు బిగించుకొని లేవబోయారు గాని రక్తస్రావం వల్ల లేవలేకపోయారు. ఆ రాత్రి తెల్లవార్లూ ఇంట్లో ఆడవాళ్లు గాయాలకు కాపడం పెడుతూ కూర్చున్నారు. హమ్రావుల్ అసద్ నుంచి తిరిగి వచ్చిన ప్రవక్త (స) తమ ఇంటికి చేరకముందే ఆమె సోదరుడు అబ్దుల్లా బిన్ కఅబ్ (రజి)ను పంపి ఆమె ఎలా ఉన్నారో కనుక్కున్నారు. కులాసాగా ఉన్నారని విని సంతోషించారు. భుజం గాయానికి మాత్రం ఏడాది పాటు వైద్యం చేయించుకోవలసి వచ్చింది. అది మానినా లోతైన గుంట మిగిలింది. ఉహుద్‌లోనే అమరులైన సఅద్ బిన్ రబీ (రజి) కుమార్తె ఉమ్మె సఅద్ చాలా ఏళ్ల తరువాత ఆమె ఇంటికి వెళ్లి, ఆ గుంట చూసి ఎలా జరిగిందని అడిగారు. మనకు ఈ రోజు తెలిసిన వివరాల్లో పెద్ద భాగం ఆ ప్రశ్నకు ఆమె చెప్పిన సమాధానమే.

క్షతగాత్రులకు సేవ చేయడానికి వచ్చిన మనిషి కత్తి పట్టవచ్చా అన్న సందేహం చదువుకున్న కొందరు లేవనెత్తుతుంటారు. 1949 నాటి జెనీవా ఒడంబడికల్లో యుద్ధరంగ వైద్య సిబ్బందిని ఎవరూ కొట్టరాదని ఉంది. అదే ఒడంబడికలో, ఆ సిబ్బంది తమను తాము కాపాడుకోవడానికీ తమ సంరక్షణలో ఉన్న క్షతగాత్రులను కాపాడడానికీ ఆయుధం వాడితే ఆ రక్షణ పోదని కూడా ఉంది. ఉహుద్‌లో ఆమె చేసింది మొదట ఇదే. గాయపడిన ప్రవక్త (స), చేయి తెగిన కొడుకు ఎదురుగా ఉండగా, ప్రాణం తీయడానికి వచ్చినవాడికి అడ్డు నిలిచారు. అలాగని ఆమెను పూర్తిగా ఆ చట్టం కొలతలో ఇమడ్చాలని చూడడం కూడా సరికాదు. అఖబాలో చేసిన ప్రమాణం నీళ్లు తాగించడంతో తీరిపోయేది కాదు.

ఆమె ఒక్కరే కాదు. హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) ఏడు యుద్ధాలకు వెళ్లి, విడిదిలో ఉండి వంట చేశారు, గాయపడినవారికి మందు వేశారు, రోగులను చూసుకున్నారు. రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) తదితరులు క్షతగాత్రులనూ అమరుల భౌతికకాయాలనూ మదీనాకు చేర్చేవారు. క్రీ.శ. 627లో కందక యుద్ధంలో బాణం తగిలిన సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను రుఫైదా (రజి) డేరాలోనే ఉంచి వైద్యం చేయించారు. ఆ డేరా మస్జిదె నబవీ ఆవరణలోనే ఉంది. ఆడపిల్ల నర్సు చదువుకు వెళ్తానంటే మొహం చిట్లించే తండ్రులు మనలో ఇప్పటికీ కనిపిస్తారు. వారికి ఈ పేర్లన్నీ తెలుసు. కూతుళ్లకు పెట్టుకున్న పేర్లు కూడా ఇవే.

628లో హుదైబియా వద్ద హజ్రత్ ఉస్మాన్ (రజి) హత్యకు గురయ్యారన్న వదంతి వచ్చినప్పుడు ఆమె నడుముకు చిన్న కత్తి కట్టుకొని, నీడకు పాతిన కర్రను చేతబట్టి నిలబడ్డారు. ఆ సందర్భంలో జరిగిన బైఅతె రిజ్వాన్‌లో, తరువాత ఖైబర్‌లో, హునైన్‌లో కూడా ఉన్నారు. ఖుర్ఆన్‌లో అన్నీ పురుషులను ఉద్దేశించే ఉన్నట్టున్నాయి, స్త్రీల ప్రస్తావన కనిపించడం లేదేమని ఆమె ప్రవక్త (స) వారిని అడిగారనీ, విశ్వాసులైన స్త్రీపురుషులను జంటజంటలుగా పేర్కొనే అహ్‌జాబ్ సూరాలోని 35వ ఆయత్ ఆ సందర్భంలో అవతరించిందనీ తిర్మిజీలో ఉల్లేఖన ఉంది. ఇదే ప్రశ్న హజ్రత్ ఉమ్మె సలమా (రజి) అడిగినట్టు కూడా వేరే ఉల్లేఖనాలున్నాయి.

పెద్ద కష్టం ఆ తరువాత వచ్చింది. తానూ ప్రవక్తనేనని ప్రకటించుకున్న యమామాకు చెందిన ముసైలమా చేతికి ఆమె కుమారుడు హబీబ్ (రజి) చిక్కారు. ముహమ్మద్ (స) దైవప్రవక్త అని ఒప్పుకుంటావా అని అడిగితే హబీబ్ (రజి) ఒప్పుకున్నారు. తాను కూడా ప్రవక్తనేనని ఒప్పుకోమంటే తనకు వినిపించడం లేదన్నారు. అడిగిన ప్రతిసారీ అదే జవాబు. ముసైలమా ఒక్కొక్క అవయవమే నరికించి చంపాడు. వార్త విన్న తల్లి, ముసైలమాను ఎదుర్కొనే రోజు వస్తే తానూ వెళ్తానని మొక్కుకున్నారు.

హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖిలాఫత్‌లో, క్రీ.శ. 633 ప్రాంతంలో, ఖాలిద్ బిన్ వలీద్ (రజి) నాయకత్వాన సైన్యం యమామాకు బయలుదేరింది. ఉహుద్‌లో గుట్ట వెనుక నుంచి వచ్చి ముస్లిములను దెబ్బతీసిన ఖాలిద్ ఆయనే. ఇప్పుడు ఉమ్మె అమ్మారా (రజి) ఆయన సైన్యంలో ఉన్నారు. కుమారుడు అబ్దుల్లా (రజి) వెంట ఉన్నారు. ముసైలమా తన మనుషులతో ఒక ప్రహరీ తోటలో దాక్కున్నాడు. ఆ రోజు అక్కడ జరిగిన సంహారం వల్ల దానికి మృత్యు ఉద్యానం అన్న పేరు వచ్చింది. ముసైలమాను వెతుకుతూ లోపలికి చొచ్చుకుపోయిన ఆమె చేయి ఒకటి తెగిపోయింది. అయినా ఆగలేదు. చివరికి ముసైలమా నేల మీద పడి ఉన్నాడు, పక్కనే కొడుకు అబ్దుల్లా తన కత్తిని బట్టకు తుడుస్తున్నాడు. వహ్షీ (రజి) ఈటె, అబ్దుల్లా కత్తి రెండూ వాడికి తగిలాయి. ఆమె అక్కడే షుక్రానా సజ్దా చేశారు.

ఈసారి ఒంటి మీద చేయి కాక మరో పదకొండు గాయాలు. యుద్ధం ముగిశాక ఖాలిద్ (రజి) ఒక అరబ్ వైద్యుణ్ణి వెంటబెట్టుకొని ఆమె విడిదికి వచ్చారు. తెగిన చోట కాగిన నూనెతో వైద్యం చేశారు. ఆ కాలంలో రక్తం ఆపడానికి ఉన్న గట్టి ఉపాయం కాల్చడమే. చేయి తెగినప్పటికంటే ఆ నూనె బాధే ఎక్కువని ఆమె చెప్పుకున్నారు. ఖాలిద్ (రజి) తనను ఎంతో బాగా చూసుకున్నారని కూడా చెప్పారు. గాయాలతో మదీనాకు తిరిగి వచ్చాక ఖలీఫా హోదాలో ఉన్న అబూబక్ర్ (రజి) స్వయంగా ఆమె ఇంటికి వచ్చి పరామర్శించేవారు.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ఒకసారి బైతుల్ మాల్‌కు దుప్పట్లు వచ్చాయి. వాటిలో ఒకటి చాలా వెడల్పైనది, విలువైనది. దాన్ని ఖలీఫా కోడలు, అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) భార్య సఫియ్యాకు పంపమని అక్కడున్నవారు కొందరు సలహా ఇచ్చారు. అంతకంటే హక్కుదారు వేరే ఉన్నారని ఉమర్ (రజి) దాన్ని ఉమ్మె అమ్మారా (రజి) ఇంటికి పంపారు.

కొడుకు అబ్దుల్లా బిన్ జైద్ (రజి) తల్లి తరువాత చాలాకాలం జీవించారు. దైవప్రవక్త (స) వుజూ ఎలా చేసేవారో చూపమని ఒకరు అడిగితే నీళ్లు తెప్పించి, చేతులు కడిగి, నోరూ ముక్కూ పుక్కిలించి, ముఖం కడిగి, మోచేతుల దాకా రెండేసి సార్లు కడిగి, తలను మసహ్ చేసి, కాళ్లు కడిగి చూపించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఆ హదీసు ఆయన పేరుతోనే ఉంది. యజీద్ సైన్యం మదీనా మీద దాడి చేసిన హిజ్రీ 63, క్రీ.శ. 683 నాటి హర్రా యుద్ధంలో ఆయన షహీద్ అయ్యారు.